మా కారుకి చప్పుడు కావాలి

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఆదివారం పొద్దున

చిరంజీవి బావమరిదికి దీవెనలు, వాటి వెనకే నాలుగు తిట్లు.

ఫోన్లుండగా ఈ కాగితాల గోలేమిటని నవ్వుకోకు. ఫోన్లో మాట్లాడితే మీ అక్క పక్కగదిలో ఉండి కూడా నీ మాటా నా మాటా రెండూ వినేస్తుంది. మెసేజి పెడితే ఆవిడ చేతిలో పడ్డ ఏ ఫోనైనా పైకి చదివేస్తుంది. చూపు తగ్గినకొద్దీ చెవులు అంత పదునెక్కాయి. ఇక నాకు మిగిలింది చేతిరాత. ఎవరికి రాస్తున్నారని అడిగితే పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను. లెక్కల మాస్టారి ఇంట్లో ఆ మాట ఎప్పుడైనా చెల్లుతుంది.

సంగతి ఆ కరెంటు కారు గురించే. మీ కంపెనీదే కొనమని పోరావు. "చప్పుడే ఉండదు బావగారూ, నడుస్తున్నట్టు కూడా తెలీదు" అన్నావు. నిజమే. తెలీడం లేదు. అదే కదా నా ఖర్మ.

పాత కారు కింద ఒక రేకు ఊడి వేలాడుతుండేది, గుర్తుందా? మలుపు తిరిగేసరికే గడగడమనేది. మీ అక్క క్లినిక్కులో ఆఖరి పేషెంటు భుజం తిప్పుతూనే ఆ గడగడ విని, చెయ్యి కడుక్కుని, కర్ర తీసుకుని, నేను బ్రేకు వేసేసరికి రోడ్డంచున నిలబడి ఉండేది. ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు. "చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి నేనేమన్నా కూరగాయల సంచీనా" అనేది. ఫిజియోథెరపిస్టుగా అక్కడ ఆవిడకున్న పేరు ఒక ఎత్తు, సాయంత్రం అలా ఒక్కతే నడిచి రావడం ఒక ఎత్తు.

ఇప్పుడు నేను వచ్చినట్టే తెలీదు. హారను కొడదామంటే ఆ రోడ్డుమీద అందరూ కొట్టేవాళ్ళే, ఏది నాదో ఆవిడకెలా తెలుస్తుంది? పోయినవారం సరిగ్గా మన మోడలే ఇంకొకటి అక్కడ ఆగింది. తలుపు పిడి తడిమి చూసి మనదేననుకుని ఎక్కి కూర్చుని, ఆలస్యమైనందుకు తిట్టడం మొదలుపెట్టింది. ఆ కారాయన మర్యాదస్తుడో, పెళ్ళయినవాడో, నోరెత్తకుండా తిట్లన్నీ పడ్డాడు. నేను వెనకాల నుంచి హారను కొడితే "ఎవడో తొందరపడుతున్నాడు, మీరు కదలండి" అని ఆయనతో అందట. ఇంటికొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆవిడ నవ్వు ముందు ఆగిపోయింది.

ఇంతలో మీవాళ్ళు కొత్త మోడలు దించారు. మెల్లగా వెళ్తున్నప్పుడు బయటికి వినబడేలా స్పీకరు, మనకి కావలసిన చప్పుడు మనమే ఎంచుకోవచ్చునట. పాత కార్లకీ బిగిస్తామని ప్రకటించారు. నేను యాప్‌లో దరఖాస్తు పెట్టేశాను. నువ్వు అక్కడ ఏం పని చేస్తావో నాకిప్పటికీ అంతుబట్టలేదు గానీ, ఎవరినైనా కదిలించగలిగితే కదిలించు.

మీ బావ

*

ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ లేని మూల

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నా పక్కసీటు అమ్మాయి ఇది ఏ కోర్టు నోటీసని అడిగింది. ఈ రోజుల్లో చేతిరాత చూస్తే అందరికీ ముందు భయమే వేస్తోంది.

అక్క పరాయి కారెక్కి తిట్టిన సంగతి చదివి పడీపడీ నవ్వాను. ఆ పెద్దమనిషిని తలుచుకుంటే జాలేసింది. నాకైతే చిన్నప్పుడు ఆ తిట్లన్నీ అలవాటే.

స్పీకరు సంగతి మీరు బెంగపెట్టుకోకండి. పాత కార్లకి ఇవ్వాలన్నది పెద్దవాళ్ళు గట్టిగా అనుకున్న విషయమే. ముందు ఒక అప్‌డేట్ వస్తుంది, అది వేసుకోండి, తర్వాత సర్వీసు సెంటర్‌వాళ్ళు స్పీకరు బిగిస్తారు. నా పని అంటారా, కస్టమర్లకి సంబంధించిందే. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. కూర్చుని రాసే పని.

అక్కకి ఏ చప్పుడు కావాలో ఈలోగా అడిగి ఉంచండి. కొత్త మోడల్లో వీణ కూడా ఉంది.

మీ బావమరిది

*

సర్వీసు సెంటర్ వెయిటింగ్ రూము నుంచి,
కాఫీ యంత్రం పక్కన

చిరంజీవికి,

వీణ దాకా ఎందుకు నాయనా, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినా చాలు మాకు.

నువ్వు చెప్పిన అప్‌డేట్ వేసుకున్నాను. రాత్రి పడుకునేముందు పెడితే తెల్లారేసరికి అయిపోతుందన్నారు. అయింది. పొద్దున్న యాప్ తెరిస్తే "అభినందనలు, మీ కారులో ఇప్పుడు బయటి చప్పుడు సదుపాయం ఉంది" అని రాసి ఉంది. కింద సన్నగా "మీ కారులో స్పీకరు లేదు" అని కూడా ఉంది. ఈ రెండు వాక్యాలూ ఒకే మనిషి రాసి ఉంటే అతని మొహం నాకు చూడాలనుంది.

అంతటితో పోలేదు. కారు మెల్లగా పోనిచ్చినప్పుడల్లా నా పక్క అద్దం దానంతటది దిగిపోతోంది. వేగం పెంచితే ఎక్కుతుంది. మళ్ళీ మెల్లగా వెళ్తే దిగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఏదో చెప్పబోతున్నట్టు అద్దం దించుకుని అందరి మొహాలూ చూస్తూ కూర్చోవాలి. నిన్న వానలో నా ఎడమచెయ్యి కారు నడిపింది, కుడిచెయ్యి గొడుగు పట్టుకుంది.

ఇక్కడ సర్వీసు అడ్వైజరు అని ఒక కుర్రాడున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు, అదే నా ఒంటికి పడటం లేదు. "కొత్త కార్లలో మెల్లగా వెళ్ళేటప్పుడు స్పీకరుకి వెళ్ళే సిగ్నలు, మీ మోడల్లో అద్దానికి వెళ్తున్నట్టుంది సార్" అన్నాడు. అదేదో వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. మరి సరిచెయ్యమంటే అది అప్‌డేట్ చూసేవాళ్ళు చెయ్యాలట, అద్దాలవాళ్ళు వేరట, స్పీకర్లవాళ్ళు వేరట. నేను ఒక్కడినే ఉన్నాను, కారు ఒక్కటే ఉంది, వీళ్ళు మాత్రం ఊరేగింపంత మంది ఉన్నారు.

కంపెనీకి ఫిర్యాదు రాశాను. మీ అక్క ప్రస్తావన అందులో తేలేదు. "నా కళ్ళ పేరు చెప్పి ఒక్క మేకు తెచ్చినా ఆ కారెక్కను" అని ముందే చెప్పింది. అందుకని మామూలు కారు యజమానిలా కొత్త సదుపాయం కావాలని మాత్రమే అడిగాను. వాళ్ళ జవాబు దీంతో జత చేస్తున్నాను. ఎర్రసిరాతో దిద్ది పదికి రెండు వేశాను. "సాధ్యమైనంత త్వరలో" అని మూడుచోట్ల ఉంది. జవాబు తెలీని పిల్లలే అలా పేజీ నింపుతారు.

మీ బావ

*

ఆఫీసు నుంచి, భోజనాల విరామంలో

బావగారికి నమస్కారాలు.

మీరు దిద్దిన కాగితం అందింది. రెండు మార్కులు మరీ తక్కువ. రాసినవాడికీ పైనుంచి ఇన్ని మాటలే వాడాలన్న లెక్క ఉంటుందేమో. నేను చూసినంతలో వాళ్ళూ మనుషులే.

అద్దం సంగతి ఇంకా చాలామంది రాస్తున్నారు. మీరొక్కరే కాదు. అది చెబితే మీకు ఊరటగా ఉంటుందో ఒళ్ళు మండుతుందో తెలీక రాస్తున్నాను.

అక్క ఎలా ఉంది? నేను ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది. నన్ను తిట్టడం కూడా లేదు. ఒంట్లో బాగుందా?

బావమరిది

*

ఇంటి వరండా నుంచి,
ఆవిడ క్లినిక్కులో ఉన్న వేళ

చిరంజీవికి,

మీ అక్క బాగానే ఉంది. పని ఎక్కువైంది, అంతే.

స్పీకరు వచ్చింది. నిజంగా వచ్చింది. అట్టపెట్టెలో, పసిపిల్లని చుట్టినట్టు చుట్టి పంపారు. సంబరంగా బిగించడానికి తీసుకెళ్తే, అది బిగించే కొక్కెం మన బంపరు లోపల లేదన్నారు. మన తర్వాత తయారైనవాటికే ఉందట. బంపరు మార్చాలట. మారిస్తే రంగు కలవదట. రంగు కలవకపోయినా ఫరవాలేదు బాబూ, నేను పెళ్ళిచూపులకి వెళ్ళడం లేదంటే, కంపెనీ ఒప్పుకోదట. ఆ ముక్కమీదే పొద్దుపోయేదాకా కూర్చున్నాను. నా వాదన తట్టుకోలేకో, సెంటరు మూసే వేళయ్యో, కొక్కెం ఒకటి ఎక్కడినుంచో తెచ్చి బిగించారు.

బిగించాక నొక్కి చూస్తే పలకదు.

తీగలన్నీ సరిగ్గా ఉన్నాయి. స్పీకరు మంచిదే. కాకపోతే మీ కంపెనీ కంప్యూటరులో నా కారు పాత మోడలని రాసి ఉంది, పాత మోడలుకి ఈ సదుపాయం అక్కడినుంచి తెరవాలి. అది తెరవరు. తెరవమని అడిగితే "మీ కారులో స్పీకరు లేదు కదా సార్" అంటున్నారు ఫోన్లో. నేను కారు ముందు మోకాళ్ళమీద కూర్చుని, దాన్ని చేత్తో పట్టుకుని, ఉందమ్మా, ఇదిగో నా చేతిలో ఉంది అని చెబుతున్నాను. వీధిలో పోయేవాళ్ళు నేను బంపరుకి మొక్కుతున్నాననుకుని ఉంటారు.

దీనిమీద ఇంకో ఫిర్యాదు రాశాను. అందులోనూ స్పీకరు సంగతే తప్ప ఇంట్లో సంగతి లేదు. ఈసారి జవాబుకి మార్కులు వెయ్యను. సున్నా వేసే ఓపిక కూడా పోయింది.

ఇప్పుడు కారు నడుపుతున్నంతసేపూ నాలో నేను గొణుక్కుంటూనే ఉంటున్నాను. మీ అక్క పక్కన లేనప్పుడు పైకే అంటున్నాను. అద్దం ఎలాగూ దిగి ఉంటుంది, వినేవాళ్ళు వింటారు.

మీ బావ

*

ఆఫీసు నుంచి

బావగారికి,

దయచేసి కొంచెం ఓపిక పట్టండి. ఆ సదుపాయం తెరవడం ఒక్క మీట నొక్కినంత పనే. ఎవరు నొక్కాలన్నదే తేలడం లేదు. నా చేతిలో ఉంటే ఎప్పుడో నొక్కేవాణ్ణి.

అక్కని రోడ్డంచుకి రావద్దనండి. స్పీకరు పలికేదాకా క్లినిక్కు గేటు లోపలే నిలబడమనండి. నా మాటగా చెప్పకండి, తిడుతుంది.

మీ బావమరిది

*

వంటింటి బల్ల దగ్గర నుంచి

బావమరిదికి,

ఇవాళ చిరంజీవి అని రాయబుద్ధి కాలేదు.

కంపెనీ జవాబు వచ్చింది. పైనంతా మామూలు పాటే. చివర మాత్రం ఇలా ఉంది: "స్పీకరు పనిచేసేవరకు మేడమ్‌గారిని రోడ్డంచున కాక గేటు లోపలే నిలబడవలసిందిగా మనవి."

ఏ మేడమ్? ఏ గేటు? నా రెండు ఫిర్యాదుల్లోనూ స్పీకరు, అప్‌డేట్, అద్దం తప్ప ఒక మనిషి పేరు లేదు. ఆ కంపెనీ మొత్తంలో మీ అక్క గేటు దగ్గర నిలబడుతుందని తెలిసినవాడివి నువ్వొక్కడివే. కూర్చుని రాసే పని అన్నావే, అది ఈ పనే అన్నమాట. ఇన్నాళ్ళూ నేను నీమీద నీకే ఫిర్యాదు చేస్తున్నాను. నువ్వు రాసిన జవాబులు నేను దిద్ది మళ్ళీ నీకే పంపుతున్నాను. మార్కులు తక్కువయ్యాయని బాధపడ్డావు కూడా.

నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. నీకు లెక్కలు చెప్పినవాణ్ణి, నా దగ్గర దాచడానికి నీకు నోరెలా వచ్చింది? పోనీ ఒక్క మాట నిజంగా చెప్పు. ఆ సదుపాయం తెరుస్తారా, తెరవరా?

ఎందుకింత మొత్తుకుంటున్నానో నీకు తెలీదు. నేనూ ఒకటి దాచాను. మీ అక్క చెప్పొద్దంది. ఆవిడ పని ఎక్కువై మాట్లాడటం మానలేదు.

వాన ఆగిన సాయంత్రం క్లినిక్కు ముందుకొచ్చాను. మెల్లగా అంచుకి చేరుతున్నాను. ఆవిడకి ఏ కారూ వినబడలేదు. రోడ్డు ఖాళీగా ఉందనుకుని, నేను వచ్చేసరికి ఎదురుగా ఉందామని ఒక అడుగు దిగింది. నా బంపరు ఆవిడ కర్రకి తగిలింది. కర్ర రెండు ముక్కలైంది. ఆవిడకి ఏమీ కాలేదు. వేరే ఎవరో అయితే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆ కారు నడుపుతున్నది నేను.

ఆ రోజు నుంచి బయటికి రావడం మానేసింది. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుంటుంది. నేను లోపలికెళ్తే లేచి, చెయ్యి ముందుకు చాస్తుంది. తనే చాస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ చెయ్యి నేను పట్టుకోబోతే విదిలించుకున్న మనిషి. పని మానేద్దామనుకుంటున్నానని నిన్న అంది.

అందుకే నాకు చప్పుడు కావాలి. కొత్త సదుపాయం మోజు కాదు.

మీ బావ

*

ఇంటి నుంచి, ఆఫీసు నుంచి కాదు

బావగారికి,

మీరు ఎన్ని మాటలన్నా పడతాను.

అవును, జవాబులు రాసేది నేనే. మొదట్లో నవ్వొచ్చి చెప్పలేదు. మీరు దిద్ది పంపిన మొదటి కాగితం నా సొరుగులో ఉంది. తర్వాత సిగ్గేసి చెప్పలేకపోయాను. ఆ గేటు వాక్యం ఎలా రాశానో నాకే తెలీదు. రోజంతా పేరు తెలీని వాళ్ళకి ఒకే మాట రాసీ రాసీ, మీ కాగితం దగ్గరికొచ్చేసరికి అక్క కళ్ళముందు నిలబడింది. చెయ్యి దానంతటది రాసేసింది.

నిజం అడిగారు. తెరవరు బావగారూ. ఈ ఏడు తెరవరు. పాత కార్లకీ ఇచ్చేస్తే కొత్తవి ఎవరు కొంటారని పైన అనుకున్నారు. కానీ ఇవ్వం అని రాయకూడదు. "త్వరలో" అని రాయాలి. నాకు ఆ సంగతి మీ రెండో ఫిర్యాదుకి ముందే తెలుసు.

మీ ఉత్తరం పట్టుకుని మా పైఅధికారి గదిలోకి వెళ్ళాను. కర్ర విరిగిన చోటు చదివి వినిపించాను. ఆయన కాగితం తీసుకుని తనే ఇంకోసారి చదివారు. తర్వాత, బాధాకరం అన్నారు. తర్వాత, దీనికి మామూలు జవాబే పంపమన్నారు. "త్వరలో" అన్న మాట ఇక నా చేత్తో రాయనని చెప్పాను. ఉద్యోగం తీసెయ్యలేదు. స్పీకర్ల నుంచి తీసి అద్దాల ఫిర్యాదుల మీద వేశారు. మీ అద్దం ఇప్పుడు నా బల్లమీదే ఉంది. అదైనా దగ్గరుండి బాగుచేయిస్తాను. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

అక్కని పని మాననివ్వకండి. నన్ను క్షమించమని అడిగే మొహం లేదు.

మీ బావమరిది

*

వంటింటి బల్ల దగ్గర నుంచి,
మాటలు అక్కవి, చేతిరాత బావది

తమ్ముడూ,

మధ్యలో ఈయన సొంత పైత్యం కలిపితే నాకు తెలుస్తుంది, పెన్ను ఎక్కువసేపు గీరుకుంటుంది.

నాకు తెలీదనుకున్నారు ఇద్దరూ. ఆదివారం వచ్చిందంటే ఈ బల్లమీద బరబరా చప్పుడు. పేపర్లు దిద్దుతున్నానంటారు. బడికి సెలవులిచ్చాక ఏ పేపర్లు? దిద్దేవాడి పెన్ను ఆగి ఆగి నడుస్తుంది, ఈయనది పూనకం వచ్చినట్టు పోతుంది. నిన్న కూర్చోబెట్టి నీ ఉత్తరాలన్నీ చదివించుకున్నాను. తను రాసినవీ చెప్పించుకున్నాను. నా గురించి నాకు తెలీకుండా ఇంత కథ నడిపినందుకు ఇద్దరిమీదా కోపం వచ్చింది. వచ్చింది అని రాయండి, కొంచెం వచ్చింది అని కాదు.

విరిగింది కర్ర, నేను కాదు. కానీ భయపడ్డాను. చాలా భయపడ్డాను. నా చెవులమీద నాకున్న నమ్మకం ఆ రోజు పోయింది. అది లేకపోతే నేను ఆ రోడ్డుమీద ఎవరిని?

ఇప్పుడు మొన్నటి సంగతి విను. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చున్నాను. ఈయన కోసం ఎదురుచూడటం కూడా మానేశాను, ఎలాగూ వచ్చి తీసుకెళ్తారు కదా అని. అంతలో మలుపు దగ్గర, ఎప్పుడూ లేనంత గట్టిగా ఒక గొంతు. "స్పీకరిచ్చారు, నోరు నొక్కేశారు. అద్దం దించమని మిమ్మల్నెవడు అడిగాడు? వీణట, వీణ." తర్వాత కాస్త దగ్గరగా, "సాధ్యమైనంత త్వరలోనట, మీ సాధ్యం తగలెయ్య." ఆ గొంతు బస్సుస్టాపు దాటింది. మందుల షాపు దాటింది. ఎక్కడున్నారో, ఎంత మెల్లగా వస్తున్నారో అడుగడుగూ తెలుస్తోంది. పాత కారు రేకు కూడా ఇంత స్పష్టంగా చెప్పేది కాదు.

లేచాను. కొత్త కర్ర తీసుకున్నాను. రిసెప్షన్ అమ్మాయి వస్తానంటే వద్దన్నాను. మెట్లు దిగి, గేటు దాటి, అంచున నిలబడ్డాను. కారు నా ముందు ఆగింది. ఆ దిగిపోయిన అద్దంలోంచి ఈయన ఇంకా తిడుతూనే ఉన్నారు. నేను తలుపు తీసుకుని కూర్చుని, ఆలస్యమైందేం అన్నాను. అప్పుడు ఆగారు. ఏడ్చారు. ఇది రాయనంటున్నారు. రాయండి అన్నాను.

నిన్నా అలాగే వచ్చాను, ఇవాళా అలాగే వచ్చాను. పని మానే మాట మళ్ళీ ఎత్తకండి ఎవరూ.

ఇంక పని మాట. మీ కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. అద్దం బాగుచేస్తాం, కారు తీసుకురండి అని. నువ్వే పంపించి ఉంటావు. ఆ ఫిర్యాదు మూసెయ్యి. మెల్లగా వెళ్ళేటప్పుడు దిగుతుంది, దిగనీ. వానొస్తే ఈయన తడుస్తారు, తడవనీ. మా కారు అద్దం జోలికి ఎవరూ రావద్దని మీవాళ్ళకి గట్టిగా రాయి.

స్పీకరు సంగతి మాత్రం నువ్వు వదలకు. ఏ సెక్షన్‌లో వేసినా అడుగుతూనే ఉండు. అందరికీ ఇలా సణిగే మొగుడు దొరకడు.

మీ అక్క